లంకల బస్సు కోసం తీసేసిన పాట

నేను ఒక్క సినిమా కూడా చూడలేదు. చెబితే నవ్వుతారు గానీ నిజం. నేను సినిమా తెరను. ముప్పై రెండేళ్లు, రోజుకు నాలుగు ఆటల చొప్పున నా మీద బొమ్మ పడింది. కానీ పడేది నా మొహం మీదే కదా, నా మొహం నేను చూసుకునేదెలా? నేను చూసిందల్లా ఎదురుగా కూర్చున్న జనాన్ని. పాటలు, మాటలు మాత్రం విన్నాను, వెనకాలే పెద్ద స్పీకరు ఉండేది కాబట్టి. మిగతా కథ జనం మొహాలను బట్టి తెలుసుకునేదాన్ని.

కొత్తలో వాళ్లు ఏడిస్తే నాకూ ఏడుపొచ్చేది. మొదటి ఆటకు ఒక ఆడమనిషి ఎక్కడ కొంగు నోట్లో కుక్కుకుందో, రెండో ఆటకు ఇంకో ఆడమనిషి సరిగ్గా అక్కడే కుక్కుకునేది. విశ్రాంతి ఇవ్వగానే ఇద్దరూ వెళ్లి బఠాణీలు కొనుక్కునేవాళ్లు. ఏడాది తిరిగేసరికి నాకు విసుగొచ్చింది. ఇంకో ఏడాదికి ఆ విసుగు కూడా పోయింది. దానికి తోడు ప్రతి వేసవిలో నాకు తెల్లరంగు పూసేవాళ్లు. పూత మీద పూత పడి ఒళ్లు మొద్దుబారిపోయింది. ఇప్పుడు గుండుసూది గుచ్చినా తెలియదు. ఊరికే అనడం లేదు, నిజంగానే గుచ్చారు, ఆ సంగతి తర్వాత చెబుతాను.

పుట్టుక గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చీరాల నూలు. బెజవాడలో గుడారాలు కుట్టే దర్జీ ఒకాయన ఆరు వెడల్పుల గుడ్డ కలిపి కుట్టి, అంచుల్లో తాళ్లు దూర్చడానికి ఇత్తడి రింగులు బిగించాడు. నన్ను కొన్న హాలు యజమాని చేత్తో తడిమి చూసి, "ఇంత తెల్లగా ఉంటే మాసిపోదా?" అని అడిగాడు. సినిమా హాలు కట్టినవాడు అడగాల్సిన ప్రశ్నేనా అది! లారీలో వేసుకుని, తెనాలికి గంట దూరంలో ఉన్న ఒక చిన్న ఊరికి తీసుకొచ్చారు. ఆ ఊరి పేరు చెప్పను. నేను చెప్పబోయే సినిమా పేరు కూడా చెప్పను. చెబితే మీరు వెంటనే ఫోను తీసి వెతుకుతారు. మనుషుల పేర్లు కూడా మార్చాను.

ఆ హాల్లో ఆపరేటరు బాజీ. అప్పటికి పాతికేళ్లవాడు. రీళ్లు ఆడించేదీ అతనే, నిచ్చెన వేసుకుని నన్ను దులిపేదీ అతనే. కృష్ణ ఒడ్డు లంక ఊళ్లకు ఆఖరి బస్సు తొమ్మిదింబావుకి. ఫస్టు షో అప్పటికి వదలకపోతే లంకలవాళ్లు బస్టాండులో పడుకోవాల్సిందే. అందుకని సినిమా పెద్దదైతే బాజీ ఒక పాట తీసేసేవాడు. రీలు కత్తిరించి, కొసలు రెండూ అతికించి, తీసిన ముక్క డబ్బాలో దాచి, సినిమా తిరిగి పంపేటప్పుడు మళ్లీ కలిపేవాడు. ఏ పాట తీయాలన్నది అతని ఇష్టం. ఎమ్మెల్యేకి లేని పవరు ఈ ఊళ్లో బాజీకి ఉందని హాలు ముందు సోడా కొట్టు పెట్టుకున్న ఏడుకొండలు అనేవాడు.

రత్నం ఆ ఊరి పిల్లే. నాట్యం నేర్చుకుంది. పంతొమ్మిదో ఏట, మద్రాసులో తీస్తున్న సినిమాలో ఒక పాటకు ఆడమని కబురొస్తే ఊరు ఊరంతా రైల్వే స్టేషనుకు వెళ్లి దండలేసి పంపింది. వాళ్ల నాన్న ఆ నెల్లో కనిపించిన ప్రతి మనిషికీ ఆ సంగతి చెప్పాడు, చెప్పినవాళ్లకే మళ్లీ చెప్పాడు. ఏడాది తర్వాత ఆ సినిమా మా హాలుకు వచ్చింది. ముందు రోజు పొద్దున పదింటికి, ఖాళీ హాల్లోకి రత్నం ఒక్కతే వచ్చింది. బాజీ నిచ్చెన మీద నన్ను తుడుస్తున్నాడు.

"బాజీ, ఆ పాట వెయ్యమాకయ్యా" అంది.

"అదేందండీ, మీ పాట గదా. దానికోసమేగా ఊరంతా ఎగబడేది."

"అందులో నేను లేను."

రెండు రోజులు తీశాక ఆమెకు టైఫాయిడ్ వచ్చిందట. వాళ్లు ఆగలేక వేరే అమ్మాయితో మొత్తం మళ్లీ తీసి, ఆ విషయం ఒక కార్డు ముక్క మీద రాసి పడేశారు. ఆ కార్డు ఆమె ఇంట్లో కూడా చూపించలేదు. ఇవన్నీ చెబుతున్నంతసేపూ కింద నా అంచు పట్టుకుని నలుపుతూనే ఉంది. బాజీ నిచ్చెన దిగాడు. చేతులు తుడుచుకున్నాడు.

"లంకల బస్సు కోసం తీసేశానని చెప్తాలెండి. మీరు నిమ్మళంగా ఇంటికెళ్లండి" అన్నాడు.

అన్నట్టే తీసేశాడు. నాలుగు ఆటలకూ తీసేశాడు. పగటి ఆటకు ఆఖరి బస్సేమిటని ఒక్కడూ అడగలేదు. సినిమాలో ఒక చోట తండ్రి దగ్గుతాడు, ఆ దగ్గు తర్వాత పాట రావాలి, మా హాల్లో మాత్రం దగ్గు తర్వాత నేరుగా వాన కురిసేది. అయ్యో, మన పిల్ల పాట పోయిందే అని ఆడవాళ్లు నిట్టూర్చేవాళ్లు. ఇరవై ఒక్క రోజులు ఆడి ఆ సినిమా వెళ్లిపోయింది. రత్నం మాత్రం సినిమాలో చేసిన రత్నంగా ఉండిపోయింది. పిల్లలకు నాట్యం చెప్పడం మొదలుపెట్టాక సినిమా టీచరైంది. చేశానని ఆవిడ ఏనాడూ నోటితో అనలేదు. చేయలేదనీ అనలేదు. అలా నలభై ఏడేళ్లు గడిచాయి.

ఈలోగా హాలు మూతపడింది. నన్ను మడిచి గోనెసంచిలో కుక్కి గోడౌనులో పడేశారు. పద్దెనిమిదేళ్లు అందులో ఉన్నాను. ఎలుకలు ఒక మూల కొరికాయి. బాధగా ఉండేదా అని అడిగితే ఏం చెప్పను, ఏమీ అనిపించలేదు.

నన్ను మళ్లీ బయటికి లాగింది లిఖిత. కాలేజీలో పాఠాలు చెప్పే పిల్ల, ముప్పై ఏళ్లుంటాయేమో. ఊళ్లో కళ చచ్చిపోతోందని బెంగ పెట్టుకుని, నలుగురితో ఒక సమితి పెట్టి, వారం రోజులు టౌన్ హాల్లో పాట, సినిమా, బొమ్మలు అన్నీ పెట్టించాలని కంకణం కట్టుకుంది. బాజీ వెళ్లి, తెర ఉందమ్మా అని చెప్పాడు. ఉతికారు, ఎండేశారు, కట్టారు.

సోమవారం వయొలిన్ కచేరీకి నేను వెనక గుడ్డను. వాయించేవాళ్ల వీపులే నాకు కనిపించాయి. ముందు వరసలో పెద్దమనుషులు తాళం వేస్తూ మధ్యమధ్యలో ఫోను చూసుకున్నారు. తర్వాత బుర్రకథ. బుధవారం నా ఒంటి నిండా గుండుసూదులు గుచ్చి ముప్పై బొమ్మలు తగిలించారు. ఒకాయన ఒక బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, ఇదేమిటని గీసినాయన్ని అడిగాడు. మీకేమనిపిస్తే అదేనని ఆయన అన్నాడు. "నాకేం అనిపించట్లేదండీ" అన్నాడు ఈయన. ఆ వారం మొత్తంలో నాకు నచ్చిన మనిషి ఆయనొక్కడే. గురువారం ఊరి కుర్రాళ్లు తీసిన చిన్న సినిమాలు మూడు వేశారు. మూడింట్లోనూ ఎవడో ఒకడు రైలు పట్టాల మీద నడుస్తున్నాడట.

శుక్రవారం వేణువు కచేరీ అయ్యాక లిఖిత మైకు పట్టుకుంది. రేపు సాయంత్రం ఆరింటికి పాత సినిమా ఉందని, మన రత్నం టీచరు పాటతో సహా పూర్తి సినిమా చెన్నైలో ఒకాయన దగ్గర సంపాదించామని, నలభై ఏడేళ్ల తర్వాత మన ఊళ్లో మొదటిసారి ఆ పాట చూడబోతున్నామని చెప్పింది. ఆదివారం టీచరుగారి శిష్యురాళ్ల నాట్యం, ఆపైన ఆవిడకు సన్మానం. అందరూ చప్పట్లు కొట్టారు. రెండో వరసలో రత్నం కూర్చుని ఉంది. ఆవిడ కూడా కొట్టింది, చేతులు కలిశాయి గానీ చప్పుడు రాలేదు.

శనివారం పొద్దున ఇద్దరూ వచ్చారు, నా ముందుకే. ఆవిడకు అరవై ఆరు. బాజీకి రెండు కళ్లకూ ఆపరేషన్లయ్యాయి.

"ఏం చేద్దాం బాజీ?"

"ఇప్పుడు రీళ్లు లేవమ్మా. సినిమా మొత్తం ఆ చిన్న పెట్టెలో ఉందంట. దాంట్లో ఎక్కడ కోయాలో నాకు తెలవదు." గోడ మీది మీటల వైపు చూసి, "పోనీ కరెంటు తీపిచ్చేదా?" అన్నాడు.

"వొద్దులే. ఈ వయసులో నీకెందుకా తిప్పలు." ఆవిడ ఖాళీ కుర్చీలకేసి చూసింది. "రేపు పదకొండు మంది పిల్లలు నా పేరు చెప్పుకొని ఆడాలి. వాళ్ల అమ్మలు కూడా నా దగ్గర నేర్చుకున్నోళ్లే. ఇయ్యాల పాట చూశాక రేపు వాళ్లని పంపిస్తారంటావా?"

రాకుండా ఉండిపోతే సరిపోతుందేమో అని ఆవిడ తనలో తనే అనుకుంది. మళ్లీ, వస్తానులే, మొహం చాటేసినా అందరూ చూసేదేగా అంది.

ఆరింటికి హాలు నిండింది. రెండొందల మంది ఉంటారు. సన్మానం పొందబోయే మనిషి కాబట్టి రత్నాన్ని మొదటి వరసలో కూర్చోబెట్టారు. బాజీ వెనకాల, ఆ చిన్న పెట్టె పక్కన స్టూలు వేసుకున్నాడు. దాన్ని ముట్టుకోవడానికి అతనికి అనుమతి లేదు. సినిమా మొదలైంది. జనం నవ్వాల్సిన చోట నవ్వారు. నేను మాత్రం ఎప్పట్లాగే వేలాడుతున్నాను. విశ్రాంతి అయింది. మళ్లీ కూర్చున్నారు. పెళ్లిచూపులు అయ్యాయి, ఉత్తరం దొరికింది, ఇక తండ్రి దగ్గాలి.

ఏడుకొండలు లేచాడు. ఇప్పుడు సోడా కొట్టు లేదు, కొడుకు కూల్‌డ్రింకులు అమ్ముతాడు. డెబ్భై అయిదేళ్ల మనిషి మోకాళ్లు పట్టుకుని లేచి, "టీ తాగొద్దాం రాండయ్యా" అని పక్కవాళ్లతో కాస్త గట్టిగానే అన్నాడు. పక్కన ముగ్గురు లేచారు. వాళ్ల వెనక వరస లేచింది. ఒక ముసలామె మనవరాలి చెయ్యి పట్టి లాగుతోంది.

"నానమ్మా, టీచరుగారి పాట ఇప్పుడే వచ్చుద్ది!"

"వస్తే వచ్చిద్దిలే. నువ్వు నడువు."

ఆ మనవరాలు రేపు ఆడబోయే పదకొండు మందిలో ఒకతె. మిగతా పిల్లలను కూడా ఎవరి పెద్దవాళ్లు వాళ్లు లాక్కుపోయారు. కుర్రాళ్లు మొదట అటూ ఇటూ చూశారు, తర్వాత వాళ్లూ లేచారు, ఖాళీ హాల్లో కూర్చోవడం వాళ్లకు నామోషీ కాబోలు. లిఖిత గుమ్మంలో అడ్డం నిలబడి, పాట ఇప్పుడేనండీ, ఒక్క అయిదు నిమిషాలండీ అని బతిమాలుకుంది. ఏడుకొండలు ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు కూడా రామ్మా, పొద్దుట్నించి ఏం తిన్నావో ఏమో" అని బయటికి తీసుకెళ్లిపోయాడు. ఈ ఊరి జనానికి తమ కళాకారిణి పాట కూర్చుని చూసే ఓపిక కూడా లేదని లిఖిత తర్వాత సమితి పుస్తకంలో రాసుకుంది. నేనూ అప్పుడు అలాగే అనుకున్నాను. ముప్పై రెండేళ్లు చూశాను కదా, జనమంటే ఇంతేనని.

తండ్రి దగ్గాడు. పాట మొదలైంది.

హాల్లో ఇద్దరే ఉన్నారు. రత్నం ఒకసారి వెనక్కి తిరిగి ఖాళీ కుర్చీలన్నీ చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. నాలుగు నిమిషాల పాట. ఆవిడ మొహం మీద నా మీది వెలుగు మారుతోంది గానీ మొహం మారలేదు. చీర కుచ్చెళ్ల కింద కాలి బొటనవేలు మాత్రం తాళం వేస్తోంది. దాచుకోవడం ఎందుకు, చెబుతాను. నాకు చూడాలనిపించింది. నా మీద ఎవరు ఆడుతున్నారో, ఎలా ఆడుతున్నారో, ఆవిడ నలభై ఏడేళ్లుగా భయపడింది ఎవరిని చూసో, ఒక్కసారి చూడాలనిపించింది. చాలా బాధేసింది. అది బాధేనని గుర్తుపట్టడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

రెండో చరణం అయ్యాక ఆవిడ వెనక్కి చూడకుండానే అంది. "పిల్ల బాగా చేసింది బాజీ."

"చేసిందమ్మా."

"ఆ తిప్పుడు నాకు వచ్చేది కాదు. మాస్టారు రెండు రోజులూ తిట్టాడు."

పాట అయిపోయింది. వాన మొదలైంది. తలుపు తీసుకుని జనం ఒక్కొక్కరే వచ్చి ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చున్నారు. పాట ఎలా ఉందని ఎవరూ అడగలేదు. ఏడుకొండలు కాగితం గ్లాసు ఒకటి చేత్తో పట్టుకుని, ఒలకకుండా మెల్లగా నడుచుకుంటూ మొదటి వరస దాకా వచ్చి ఆవిడకు అందించాడు.

ఆవిడ గ్లాసు తీసుకోలేదు. "ఏడుకొండలన్నా, అందులో నేను లేను" అంది. గొంతు పెద్దదే. నాలుగు వరసల దాకా వినిపించింది.

"తెలుసులే రత్నం. ఆ రోజుల్లోనే అందరం తెనాలెళ్లి చూసొచ్చాంగా" అన్నాడు ఏడుకొండలు. "తాగు, చల్లారిపోద్ది."