సుధామణి ప్రభుత్వం పడిపోయిన రోజు

గుణదల దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో నమూనా పార్లమెంటు పెట్టారు. ప్రధానమంత్రివి నువ్వేనని చెప్పినప్పుడు సుధామణికి సంతోషం కన్నా ముందు అసూయ కలిగింది. రాష్ట్రపతి వేషం వేసే క్లాస్‌మేట్ కోటికి నల్లకోటు, ఎత్తు కుర్చీ ఇచ్చారు. తనకు మామూలు నేతచీర, అందరితోపాటు బెంచీ.

"రాష్ట్రపతే కదండీ మేడం పెద్ద?" అని అడిగింది, పొలిటికల్ సైన్సు చెప్పే పద్మావతమ్మగారిని.

"గౌరవంలో ఆయనే పెద్ద. ప్రభుత్వం నడిపేది నువ్వు. సభకి జవాబు చెప్పుకోవాల్సిందీ నువ్వే. సగం మందికి పైగా నీ వెనకుంటేనే నీ పదవి," అన్నారావిడ.

అందులో 'నడిపేది నువ్వు' అన్న ముక్కే సుధామణి చెవికెక్కింది. వారం రోజులు హాస్టల్ మేడ మీద ప్రసంగం బట్టీపట్టింది. సభకు ముందురోజు మత్స్యశాఖ మంత్రి నాని తను చెప్పబోయే జవాబుల కాగితం పట్టుకొచ్చాడు. వాళ్లది కంకిపాడు. వరి గురించి అడిగితే గంటసేపు చెబుతాడు కానీ, సముద్రం సంగతి అతనికేం తెలుసు?

"ఒక్కసారి చూసిపెట్టు సుధా. మీ నాన్నగారు వేటకెళ్తారు కదా, నీకు తెలుస్తుంది."

"చూస్తాలే, అక్కడ పెట్టు," అంది. చూడలేదు. పొద్దున నాని వచ్చి ఆ కాగితం అలాగే పట్టుకెళ్లాడు.

స్పీకరు కుర్చీలో పద్మావతమ్మగారు కూర్చున్నారు. ప్రతిపక్ష నాయకుడు వెంకటకృష్ణారావు లేచి, సముద్రంలో వేట నిషేధం ఎప్పుడో చెప్పమన్నాడు.

"జూలై, ఆగస్టు నెలల్లో, అధ్యక్షా!" అన్నాడు నాని.

హాలంతా గొల్లుమంది. వెంకటకృష్ణారావు అక్కడికక్కడే అవిశ్వాస తీర్మానం పెట్టాడు. అంతలో మిత్రపక్షం నాయకురాలు సుస్మిత దగ్గర్నుంచి సుధామణికి చీటీ వచ్చింది: 'నానిని తీసెయ్. లేకపోతే మేం ముగ్గురం అటు.'

సుధామణి నాని వైపు చూసింది. చెవులు ఎర్రబడి, తల వంచుకుని కూర్చున్నాడు. తీసేస్తున్నానని ఒక్క మాటంటే చాలు, చప్పట్లు కూడా పడతాయి. లేచి నిలబడితే బట్టీపట్టిన ప్రసంగం ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"అధ్యక్షా, జవాబు తప్పే. నిషేధం ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా. ఆ రెండు నెలలూ మా నాన్న బోటు ఒడ్డునే ఉంటుంది. మంత్రిగారు నిన్ననే నన్ను చూడమన్నారు, నేను చూడలేదు. తప్పు ప్రభుత్వానిది, అంటే నాది. మంత్రిగారిని తీసెయ్యను."

ఓట్లు లెక్కపెట్టారు. అటు పదిహేడు, ఇటు పద్నాలుగు.

సుధామణి రాజీనామా రాసి కోటి చేతికిచ్చింది. వాడు బిక్కమొహం వేసి, "ఇప్పుడు నేనేం చెయ్యాలే?" అని గుసగుసలాడాడు.

"తీసుకో. కొత్త ప్రభుత్వం వచ్చేదాకా నన్నే చూసుకోమను."

కోటి గొంతు సవరించుకుని, "అప్పటిదాకా మీరే చూసుకోండి," అన్నాడు గంభీరంగా.

ఆ కొత్త ప్రభుత్వం ఎంతకీ రాలేదు. ఆర్థికశాఖ నాకంటే నాకని సుస్మిత, వెంకటకృష్ణారావు భోజనాల దగ్గర కూడా వాదించుకున్నారు. సాయంత్రం నాలుగింటి దాకా సుధామణే ప్రశ్నలకు జవాబులు చెప్పింది. తెలియని వాటికి తెలియదనే చెప్పింది.

హాస్టల్‌కు నడిచివెళ్తూ ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, మా ప్రభుత్వం పడిపోయిందే!" అంది నవ్వుతూ.

రోడ్డు మీద బస్సుల హోరు. అవతల తల్లి పెద్దింట్లమ్మకు సగమే వినపడింది.

"పడిపోయావా? ఎక్కడే? దెబ్బలేం తగల్లేదు కదా?"