రేపు చూపించాల్సిన ఇంటిపని

బడి గంట కొట్టకముందే ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. యూనిఫాం వేసుకున్న పిల్లలు పుస్తకాల సంచులు వరండాలో పడేసి, అన్నం డబ్బాలు మాత్రం పట్టుకుని ఎక్కారు. ముందు సీట్లో, విత్తనాల కంపెనీ తరఫున చేలకు కూలీలను తోలే ఆర్గనైజర్ నరేందర్ కూర్చుని ఉన్నాడు.

"దబ్బదబ్బ ఎక్కుండ్రి. పూలు ముడుసుకుంటే మీ అయ్యలు ఇస్తరా?" అని కసిరాడు.

హెడ్మాస్టరు మాసయ్య సారు చాక్‌పీసుల పెట్టె పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఆటో కదిలాక నా వైపు తిరిగి, "ఏం జేద్దాం కృపా, సీజను" అన్నాడు. వాన పడుతోంది అన్నంత తేలిగ్గా అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ ఊరు గట్టు మండలం దాటి రాయచూరు వైపు పోయే దారిలో ఉంటుంది. పేరు చెప్పను. చెబితే అక్కడి ఆడవాళ్లకు ఏ చేనులోనూ పని దొరకదు. బీఈడీలో కొత్తగా చేరిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, చేలల్లో నడుములు విరగ్గొట్టుకునే అక్కలూ, ఇది మీకోసమే చెబుతున్నాను. ఊరి పేరు మీకెలాగూ తెలుసు. మీదే అనుకోండి.

సీడు పత్తి అంటే విత్తనాల కోసం వేసే పత్తి. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలు ఒలిచి పెట్టాలి. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి ఒక్కొక్కదానికీ రుద్దాలి. మధ్యాహ్నమైతే పువ్వు పనికిరాదు. పిల్లలైతే ఒంగే పని లేదు, వాళ్ల వేళ్లు సన్నగా ఉంటాయి అంటారు ఆర్గనైజర్లు. సన్నని వేళ్లట, ముచ్చట చూడండి! అమ్మానాన్నలు ముంబైలో కాంక్రీటు మోస్తుంటే, అమ్మమ్మ దగ్గరుండి నేనూ ఆ సన్నని వేళ్లతోనే పువ్వులు రుద్దాను. టీచరునై ఒక్క బడినైనా పూత కాలంలో నిండుగా చూడాలని బీఈడీలో చేరాను.

చేరాక తెలిసింది, ఆ కాలేజీకి రోజూ వచ్చే పిచ్చిది నేనొక్కదాన్నే అని. మిగతావాళ్లు హాజరు కాకుండానే హాజరైపోతారు. వాళ్లను తప్పు పట్టను. ఒకడు హైదరాబాదులో డెలివరీ బండి నడుపుతున్నాడు, ఒకామె మందుల షాపులో నిలబడుతోంది. కానీ ఖాళీ గదిలో ముందు బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చుంటే ఎట్లా ఉంటుందో మీకు తెలియాలి. "నువ్వు రాకుంటే నేను గూడ ఇంటికాడ ఉందును గదమ్మా, నీతోని పరేషాన్" అని లెక్చరర్ మొహం మీదే అన్నాడు. ఆయన వెళ్లిపోయాక బోర్డు దగ్గర నిలబడి బెంచీలకు పాఠం చెప్పేదాన్ని. ప్రశ్న నేనే అడిగి, జవాబు నేనే చెప్పి, శభాష్ కూడా నేనే అనుకునేదాన్ని. గద్వాలలో నా అద్దె గదికి పోతే అక్కడా గోడలే. కొన్నిరోజులు నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

బోధన ప్రాక్టీసుకు ఈ ఊరి బడి వేశారు. ఇక్కడ పిల్లలైనా ఉంటారని ఎగిరి గంతేశాను. పూత మొదలయ్యేదాకా ఉన్నారు కూడా. ఫైనల్ లెసన్ వెనక్కి జరిగి జరిగి సరిగ్గా పూత కాలంలో వచ్చి పడింది. బయటి నుంచి పరీక్షకుడు వస్తాడు. ఆయన ముందు పిల్లలకు పూర్తి పాఠం చెప్పాలి. అది పోతే ఏడాది పోయినట్టే, డిగ్రీ లేనట్టే.

"పిల్లలే లేరు సార్, ఎవరికి చెప్పాలి?" అని మా ప్రిన్సిపాల్‌ను అడిగాను.

ఆయన నవ్వాడు. "గాబర వడకు. నరేందర్ మనోడే. ఒక గంట పిల్లలను తోలుతా అన్నడు. నువ్వు పాఠం చెప్పు, సారుతోని సంతకం వెట్టించుకో, పిల్లలను మల్ల ఆటో ఎక్కించు. ఖతం."

పెండ్లికి టెంట్ హౌసు నుంచి కుర్చీలు తెచ్చినట్టు పిల్లలను తెస్తారన్నమాట. కంచే చేను మేయడమంటే ఇదే.

లెసన్ ముందురోజు ఆదివారం. ప్రార్థన అయ్యాక చర్చి ముందున్న బోరింగు దగ్గర ఆడవాళ్లు బిందెలతో చేరారు. వాళ్లలో చర్చికి వచ్చినవాళ్లూ ఉన్నారు, మైసమ్మకు మొక్కేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మధ్యకు పోయి నిలబడ్డాను.

"అక్కా, పిల్లలను చేన్లకు తోలకుండ్రి. గిట్ల నెలలకు నెలలు పోతే ఇంక బడి మొకం జూడరు" అన్నాను.

"తోలకుంటే మా పని గూడ పాయె" అంది అంజమ్మ. తొమ్మిదో తరగతి వసంత తల్లి ఆమె. పుట్టిల్లు రాయచూరు వైపు. మాట కత్తిలా ఉంటుంది. "పిల్లను తోలనోల్లు చేన్ల అడుగు వెట్టొద్దన్నడు నరేందరు. నువ్వు వెడ్తవా అన్నం?"

"గంత చెడ్డోడేం గాదులే" అంది దేవమ్మ అనే ముసలామె. "మొన్న నాకు జెరమొస్తే దవాఖానకు వాని బండి మీదనే తోలుకపోయిండు."

"తోలుకపోడా మరి! నువ్వు పండుకుంటే వాని పని ఆగుతది గదా!" అన్నాను. నలుగురు నవ్వారు. అంజమ్మ నవ్వలేదు.

"నీ పరీక్షకు గూడ మా పిల్లలే గావాల్నంట గదా? వాడు చేన్ల నిలవెడ్తడు, నువ్వు బోర్డు ముందల నిలవెడ్తవ్. రేపు నీ పరీక్షయితది, నీ తొవ్వ నువ్వు వడతవ్. మేమీడనే ఉంటం. ఎద్దు పుండు కాకికి ముద్దా తల్లీ?"

నేనూ ఇట్లాంటి చేలల్లోనే పెరిగానని చెప్పబోయాను, కానీ ఆమె బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. ఒక్కొక్కరే అందరూ వెళ్లిపోయారు. బోరింగు దగ్గర ఒక్కదాన్నే మిగిలాను. ఇంతమంది నావాళ్ల మధ్య పరాయిదాన్ని అయినందుకు ఏడుపొచ్చింది.

గద్వాల బస్సులో కూర్చుని అమ్మకు ఫోన్ చేశాను. వెనక కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతున్న చప్పుడు.

"రేపేనా బిడ్డా పాఠం? ప్రార్థన జేస్త. గట్టిగ చెప్పు, గొంతు లోపలికి గుంజుకోకు" అని అరిచింది. ఇంకేదో చెప్పబోతుంటే ఎవరో పిలిచారు, ఫోన్ పెట్టేసింది.

మర్నాడు ఆటో పిల్లలను తెచ్చి దించింది. గోళ్లలో పసుపుపచ్చ పుప్పొడి, బట్టల నిండా పురుగుల మందు వాసన. వెనక బెంచీలో పరీక్షకుడు, పక్కన మా ప్రిన్సిపాల్, తలుపు దగ్గర మాసయ్య సారు కూర్చున్నారు. నా పాఠం పటాలు చదవడం. దిక్కులు చెప్పాను, గుర్తులు చెప్పాను. బావికి ఏ గుర్తు, రోడ్డుకు ఏ గుర్తు అని అడిగాను. చేతులు లేచాయి! ఒకరి మీద ఒకరు పడి జవాబులు చెప్పారు. ఇంతకాలం గోడలకు చెప్పుకున్న పాఠానికి మనుషుల గొంతులు బదులిస్తుంటే, ఈసారి శభాష్ వాళ్లతో అన్నాను. పరీక్షకుడు తల ఊపుతూ రాసుకుంటున్నాడు.

ఆఖరి మెట్టు ఇంటిపని. లెసన్ ప్లాన్ ఏదైనా దానితోనే ముగుస్తుంది. "ఏదో ఒకటి బోర్డు మీద రాసి తుడిపెయ్, ఎవడు చూస్తడు" అని ప్రిన్సిపాల్ ముందే చెప్పాడు. నేను రాశాను: మీ ఇంటి నుంచి బడికి దారి చూపే పటం గీయండి. చదివించాను. ఎన్నాళ్లుగానో ఖాళీ బెంచీలతో అని అని అలవాటైన మాట నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది.

"రేపు తెచ్చి నాకు చూపించాలి."

వసంత లేచి నిలబడింది. "రేపెట్ల టీచర్? రేపు మేము రాం గదా. ఒక్క గంటకేనని తోలుకొచ్చిండ్రు."

పరీక్షకుడి పెన్ను ఆగింది. ప్రిన్సిపాల్ గబుక్కున లేచి, "తమాషకు అంటుంది సార్" అన్నాడు. బయట ఆటో హారను మొదలైంది.

"సరే సరే" అన్నాడు పరీక్షకుడు వాచీ చూసుకుంటూ. "పాఠం బాగుందమ్మా. ముగిసిందని చెప్పు, సంతకం పెట్టేస్తాను."

ఒక్క మాట చాలు. ఆ మాట అంటే డిగ్రీ నాది. మిల్లరు చప్పుడులో అమ్మ అరిచిన అరుపు చెవుల్లో మోగింది. గొంతు లోపలికి గుంజుకోవద్దంది కదా!

"ముగియలేదు సార్" అన్నాను. "ఇంటిపని చూసేదాకా పాఠం ముగియదు. వీళ్లు రేపు బడికి వస్తేనే ముగుస్తుంది." పిల్లల వైపు తిరిగాను. "ఎవ్వరూ లేవొద్దు."

"నీకేమన్న పిచ్చి లేసిందా?" అన్నాడు ప్రిన్సిపాల్.

"అసంపూర్తి అని రాయాల్సి వస్తుంది" అన్నాడు పరీక్షకుడు.

"రాసుకోండి సార్."

రాశాడు. లేచి వెళ్లిపోయాడు. ప్రిన్సిపాల్ వెంట పరుగెత్తాడు. చెప్పులు విప్పకుండానే నరేందర్ తరగతిలోకి వచ్చాడు.

"ఏందిరా, లేవరా? ఆడ పూలు మాడుతున్నయ్!"

పిల్లలు బెంచీలకు అతుక్కుపోయారు. వసంత రెక్క పట్టి గుంజాడు. ఆమె రెండో చేత్తో బెంచీ పట్టుకుంది, పక్కనున్న పిల్లలు ఆమెను పట్టుకున్నారు. వాడు చెయ్యి వదిలి ఫోన్ తీశాడు. పిల్లలను తల్లులతోనే గుంజించాలని ఆడవాళ్లందరినీ ఆటోల్లో ఎక్కించి తెమ్మన్నాడు. ఇంత తెలివితక్కువ పని దొరలే చేయగలరు. చేలల్లో చెల్లాచెదురుగా ఉన్న జనాన్ని వాడే ఒక్కచోట పోగేశాడు.

ఆడవాళ్లు వచ్చారు. వరండా నిండిపోయింది.

"మీ పిల్లలను మీరే తోలుకపోండ్రి. లేకుంటే రేపటి సంది ఒక్కదానికి పని లేదు" అన్నాడు నరేందర్.

అంజమ్మ లోపలికి వచ్చింది. నన్ను చూసింది. "పరీక్ష ఏమాయె?"

"పోయిందక్కా."

"మల్లెప్పుడు?"

"మీదియేడు."

ఆమె పోయి కూతురి పక్కన బెంచీ మీద కూర్చుంది. మోకాళ్లు పట్టలేదు, అయినా కూర్చుంది. "బేడ" అంది. కోపం ముదిరితే ఆమెకు పుట్టింటి కన్నడమే వస్తుంది.

"ఏంది?" అన్నాడు నరేందర్.

"బేడ అంటే బేడ! వద్దు! పిల్లను తోల. పని లేదంటవా, నాకూ నీ పని వద్దు."

"నీ అవసరమెవనికే? ఇంకో ఊరోల్లను తెస్త!"

"తేపో!" గుమ్మం దగ్గరి నుంచి దేవమ్మ కేకేసింది. "ఇంకో ఊరోల్లు వచ్చేదాంక నీ పువ్వు ఆగుతదారా కొడకా? జెరమొచ్చిన దాన్ని నన్ను ఎందుకు ఎత్తుకపోయినవో ఇప్పుడు సమజైంది నాకు!"

ఆడవాళ్లు గొల్లుమన్నారు. ఒకరి తర్వాత ఒకరు లోపలికి వచ్చి పిల్లల పక్కన ఇరుక్కుని కూర్చున్నారు. బెంచీలు చాలక నేల మీద కూర్చున్నారు. "బేడ! బేడ!" అని పిల్లలు అందుకున్నారు. మాసయ్య సారు ఇంతసేపూ గోడకు ఆనుకుని ఉన్నాడు. ఆయన మెల్లగా లేచిపోయి, తర్వాతి పీరియడు గంట కొట్టాడు. గట్టిగా కొట్టాడు.

మర్నాడు పొద్దున బడి దగ్గరికి మూడు రకాలుగా వచ్చారు. పిల్లలు పుస్తకాలతో వచ్చారు, తల్లులు ఉత్త చేతులతో వచ్చారు, పోలీసులు జీపులో వచ్చారు.

"కృప ఎవరు? ఊర్ల గొడవ లేపుతున్నవని కంప్లైంటు. ఎక్కు" అన్నాడు ఎస్సై.

"జర ఆగుండ్రి సార్. ఇంటిపని చూసి వస్త."

ఏమనుకున్నాడో, ఆగాడు. పటాలు ఒక్కొక్కటే చూశాను. వంకర గీతలు, తప్పిన దిక్కులు, బావికి పెట్టాల్సిన గుర్తు గుడికి పెట్టారు. అన్నిటికీ ఎర్ర పెన్నుతో సంతకం పెట్టాను. అప్పుడు పిల్లలతో చెప్పాను, పాఠం ముగిసిందని.

జీపు వెనక సీట్లో కూర్చున్నాను. ఎప్పటిలాగే ఒక్కదాన్నే అనుకున్నాను. భయమేసింది, అబద్ధమెందుకు? జీపు కదిలింది, కానీ ఎంతకీ వేగం అందుకోలేదు. ఎందుకా అని తొంగిచూశాను. ముందు అంజమ్మ, దేవమ్మ, పక్కల పిల్లలు, వెనక ఊరంతా, రోడ్డుకు ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడుస్తున్నారు. డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు. ఎవరూ పక్కకు జరగలేదు.

"ఏడికే మీరంత?" అని ఎస్సై అరిచాడు.

"ఆమె ఏడికైతే మేమాడికి!" అంది అంజమ్మ.

ఆ రోజు ఆ ఊరి సీడు చేలల్లో పువ్వులన్నీ ఒక్క వేలూ తగలకుండానే ముడుచుకున్నాయి.