మూడో బోర్డు చిరునామా

కేబుల్ కాదు, కేబులే అయితే పొద్దున్న కూడా పోవాలి కదా, పొద్దుటంతా బుద్ధిగా పనిచేసి భోజనాల వేళ దాటగానే ఈ మూడో బోర్డు ఒక్కటే ఎందుకు మాయమవుతుంది, మిగతావన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూనే ఉన్నాయి, పచ్చ దీపాలు మిణుకుమంటూనే ఉన్నాయి, ఈ బోర్డులంటే అరచేతిలో ఇమిడేంత కంప్యూటర్లు, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, చిన్న స్విచ్‌కి తగిలించి, అన్నీ కలిసి ఒకే పెద్ద యంత్రంలా లెక్కలు చేసేలా అమర్చడం నా ఉద్యోగం, రేపు కాలేజీవాళ్ళకి చూపించాలి, మేనేజరు పొద్దున్నే ఫోన్ చేసి ఏమ్మా, నీ పిల్లలు లేచి నిలబడ్డారా అన్నాడు, నిలబడ్డారండీ, ఒకడు మాత్రం అన్నం తినగానే కునుకు తీస్తున్నాడు అన్నాను, ఆయన నవ్వలేదు, నిజానికి నాకూ నవ్వు రావడం లేదు, వారం నుంచీ ఇదే వరస, కేబుల్ మార్చాను, స్విచ్‌లో చోటు మార్చాను, అడాప్టరు మార్చాను, మెమరీ కార్డు తీసి తుడిచి మళ్ళీ పెట్టాను, ఇక దిష్టి తీయడం ఒక్కటే తరువాయి, వెనక గదిలో మంచం కిర్రుమంది, నాన్న చెయ్యి కదిపి ఉంటాడు, ఆయన కదలడమంటే ఎడమ చెయ్యి కదపడమే, పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయి ఏడాది దాటింది, ఇంతకుముందే అన్నం తినిపించి, మూతి తుడిచి, గోడవైపు ఒత్తిగిలబెట్టి తలుపు దగ్గరగా వేసి వచ్చాను, కాసేపు నిద్రపోతాడు, ఈలోగా దీని సంగతి తేలాలి, అసలు ఈ బోర్డునే పక్కన పెట్టేసి చూస్తే.

కేబుల్ పీకేశాను, పీకి, ఆ చిరునామాకి పింగ్ పంపాను, పింగ్ అంటే ఫలానా నంబరు ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని వీధిలోంచి కేకేయడం లాంటిది, ఉంటే పలుకుతారు, లేకపోతే లేదు, మూడో బోర్డు నంబరుకి కేకేస్తే ఎవరూ పలకకూడదు, ఎందుకంటే దాని తాడు నా చేతిలోనే ఉంది, పలికింది, మళ్ళీ పంపాను, మళ్ళీ పలికింది, వరసగా, తడుముకోకుండా, వేళ్ళ మధ్య కేబుల్ కొసని చూసుకున్నాను, బోర్డు మీద ఒక్క దీపం కూడా లేదు, మరి ఉన్నానని చెబుతున్నది ఎవరు, పదేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, దయ్యాలు లేవని తెలుసు, ఒకే నంబరు రెండు వస్తువులకి పడితే ఇలాగే అవుతుందనీ తెలుసు, ఒకటి మేలుకోగానే రెండోదానికి దారి మూసుకుపోతుంది, కానీ ఇంట్లో ఉన్న వస్తువులన్నీ నేను కొన్నవే, నేను పెట్టినవే, నా ఫోను, నా ప్రింటరు, వాటి నంబర్లు వేరు, ఈ ఇంట్లో నాకు తెలియకుండా బతుకుతున్నది ఏమిటి, బ్రౌజరులో ఆ చిరునామానే కొట్టాను, ముందు నల్లగా, తర్వాత బూడిదరంగుగా, మెల్లగా ఒక మంచం కోడు, ఒక కిటికీ, నా చేత్తో నేను ఉతికి ఆరేసిన నీలం దుప్పటి.

కెమెరా, నాన్న గదిలో కెమెరా, అల్మరా మీద మందుల పెట్టె వెనక తమ్ముడు పెట్టింది, ఆస్పత్రి నుంచి తెచ్చిన కొత్తలో, వాడి ఇంటి నుంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు నాన్నని చూసుకోవడానికి, ఎవరైనా తెరిస్తేనే మేలుకుంటుందక్కా, లేకపోతే నిద్రపోతుంది అని గోడకేసి చెప్పాడు, అప్పట్లో మేము ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం కాదు, అమ్మకి ఆపరేషన్ చేయిద్దామన్నది వాడు, వద్దు, ఆ ఒళ్ళు కోతకి తట్టుకోలేదన్నది నేను, అమ్మ పోయింది, ఆ తర్వాత వాడు ఎడ్డెమంటే నేను తెడ్డెం, కొన్నాళ్ళకి అదీ లేదు, నాన్న పడిపోయాకే వాడు మళ్ళీ ఈ గడప తొక్కాడు, ఆ కెమెరా పాడైపోయింది, అలా వదిలెయ్ అని వానలకి ముందే వాడు అన్నాడు, పాడవలేదు, పాస్‌వర్డ్ కూడా అడగలేదు, వాడి బద్ధకం వాడిది, మంచం మీద దుప్పటి ఉంది, దుప్పటి కింద ఎవరూ లేరు.

లేచాను, కుర్చీ వెనక్కి పడింది, పడిపోయాడు, నేల మీద పడిపోయి ఉంటాడు అని తలుపు వైపు అడుగు వేశాను, కన్ను మాత్రం తెర మీదే ఉంది, తెరలో కిటికీ దగ్గర వెలుతురు కదిలింది, మనిషి, నిలబడ్డ మనిషి, నాన్న, కిటికీ చువ్వ కూడా పట్టుకోకుండా నిలబడి వీధిలోకి చూస్తున్నాడు, అడుగు వేశాడు, ఇంకో అడుగు, కుడికాలు కాస్త ఈడుస్తోంది, అంతే, నా కాళ్ళే నేలకి అతుక్కుపోయాయి, ఫిజియోథెరపీ ఆయన నిన్నగాక మొన్న చేతులెత్తేశాడు, మీ నాన్నగారిలో ప్రయత్నమే లేదమ్మా అన్నాడు, నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను, ఆ ప్రయత్నం లేని మనిషి గదిలో అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు, జీవితమంతా బస్సు నడిపిన మనిషి, స్టాండులో బండి దిగి నడుము సాగదీసుకున్నట్టు రెండు చేతులూ పైకెత్తి సాగదీశాడు, రెండు చేతులూ, చెంచా పట్టుకోలేని ఆ కుడిచెయ్యి కూడా, దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు, దువ్వెన ఎక్కడుందో అక్కడే పెట్టాడు, మంచమెక్కాడు, నేను ఒత్తిగిలబెట్టినట్టే పడుకున్నాడు, దుప్పటి లాక్కున్నాడు, చివర్లో కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే లోపలికి మడిచి, పక్కన పెట్టుకున్నాడు, పిల్లల్ని పడుకోబెట్టినట్టు.

ఆ వేళ్ళు మడవడం చూశాకే నాకు ఒళ్ళు మండింది, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఎంతకాలంగా, ఎవరి కోసం ఈ నాటకం, పొద్దున్న నేను స్నానం చేయిస్తుంటే సిగ్గుతో కళ్ళు మూసుకునేవాడు కదా, ఆ సిగ్గు నిజమా, సాయంత్రం తమ్ముడు వచ్చాక ఇద్దరం చెరోవైపు చంకల కింద చేతులు పెట్టి లేపి కుర్చీలో కూర్చోబెడుతుంటే బరువంతా మా మీదే వేసేవాడు కదా, వెళ్ళి దుప్పటి లాగేసి అడుగుతాను, ఏం నాన్నా, షికారు అయిందా అని అడుగుతాను, అడగబోతూ తెర మూయడానికి చెయ్యి చాపాను, మూలన చిన్న అక్షరాల్లో ఉంది, చూస్తున్నవారు ఇద్దరు.

ఒకరు నేను, ఆ చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది, కోపం ఎటు పోయిందో తెలియదు, ఎవరైనా తెరిస్తేనే కెమెరా మేలుకుంటుంది, ఈ వారమంతా రోజూ భోజనాలయ్యాక మూడో బోర్డు పడిపోయిందంటే రోజూ ఎవరో తెరిచారు, ఫోన్ తీసుకున్నాను, అవసరమైతే తప్ప వాడికి ఫోన్ చేయను, మొదటి రింగుకే ఎత్తాడు, ఏంటక్కా, నాన్నకేమైనా అయిందా, ఏం కాలేదు, ఏం చేస్తున్నావు, ఏముంది, ఆఫీసులో, ఫైళ్ళు చూస్తున్నా, అబద్ధం చెప్పేటప్పుడు వాడి గొంతు చిన్నప్పటి నుంచీ పైకి లేస్తుంది, ఇప్పుడూ లేచింది, నాన్న పడుకున్నాడా అన్నాడు, తెరలో నాన్న గోడవైపు తిరిగి ఉన్నాడు, పడుకున్నాడు అన్నాను, మందేశావా, వేశాను, ఇద్దరం ఒకే వీపుని చూస్తున్నాం, ఒరేయ్, నీకు తెలుసా అని అడగాలి, నాలుక చివర ఉంది, సాయంత్రం పనుంటే రాకపోయినా పర్వాలేదురా అన్నాను, ఎందుకన్నానో తెలియదు, వాడు గబగబా అన్నాడు, అదేంటక్కా, వస్తాను, నువ్వొక్కదానివే ఆయన్ని లేపలేవుగా.

ఒక్కదాన్నే లేపలేను కాబట్టి వాడు రావాలి, వాడు వస్తే లేపాక టీ కూడా తాగాలి, టీ తాగుతూ మొన్న నేను వాడి కూతురి చదువు అడిగాను, వాడు నా మోకాలి నొప్పి అడిగాడు, నాన్న కుర్చీలోంచి మమ్మల్ని అలా చూస్తూ కూర్చున్నాడు, దానికోసం అంత పెద్దమనిషి నడవగలిగీ నా చేత మూతి తుడిపించుకుంటున్నాడు, అక్కా, ఉన్నావా, ఉన్నానురా, లేపలేనురా, నువ్వు రా, ఫోన్ పెట్టేసి మూడో బోర్డుకి కొత్త నంబరు ఇచ్చాను, కెమెరా నంబరు జోలికి పోలేదు, కేబుల్ గుచ్చగానే పచ్చ దీపం వెలిగి మిగతావాటితో కలిసిపోయింది, తెరలో ఇద్దరు కాస్తా ఒక్కరయ్యారు, అంటే వాడు మూసేశాడు, కెమెరా పాడైందన్న రోజు నుంచీ, వానలకి ముందు నుంచీ వాడు నాన్న నడక చూస్తూనే ఉన్నాడు, చూసి, మూసి, సాయంత్రం చెప్పులు విప్పి లోపలికొచ్చి, నడవగలిగిన మనిషిని పట్టుకుని, ఊఁ, ఎత్తక్కా అంటున్నాడు, వానల్లో కూడా మానలేదు, జ్వరమొచ్చిన రోజు కూడా మానలేదు, వాడు రోజూ వస్తున్నది నా దగ్గరికి.