సైడ్ హెడ్డింగులకు మార్కులు

రత్నమాల పేజీ గూగుల్‌లో కనిపించకుండా పోయిన రోజు రామ్మోహనరావు కాఫీ కలుపుకుని తాగడం మరిచిపోయాడు.

రత్నమాల ఆయన భార్య. లెక్కల టీచరు. పదో తరగతి తెలుగు మీడియం పిల్లల కోసం ఇంటర్నెట్‌లో ఒక పేజీ నడిపేది. రేఖాగణితం పాఠాలు, వాటి కింద పిల్లలు సందేహాలు అడిగే చోటు. ఆవిడ చనిపోయిన వానాకాలం నుంచి ఆ పేజీని చూసుకునే బాధ్యత ఆయనదైంది. చూసుకోవడమంటే నిజంగా చూడటమే. పొద్దున్నే పంజాగుట్ట ఫ్లాట్‌లో కంప్యూటరు ముందు కూర్చుని "పదో తరగతి వృత్తాలు" అని కొట్టేవాడు. ఆవిడ పేరు అన్నిటికంటే పైన రావడం చూసి, పళ్లు తోముకోవడానికి లేచేవాడు. ఆవేళ పైన లేదు. కింద లేదు. తర్వాతి పుటలోనూ లేదు. ఎక్కడెక్కడి పిల్లలో ఆవిణ్ణి ఇంకా "టీచర్" అని పిలుస్తున్నారంటే అది ఆ పేజీ వల్లే. పేజీ దొరక్కపోతే పిలిచేవాళ్లు ఉండరు.

కూతురు భానుశ్రీకి బేగంపేటలో సాఫ్టువేరు ఉద్యోగం. తల్లికి ఆ పేజీ తయారుచేసి ఇచ్చింది ఆ పిల్లే. ఫోను చేస్తే, హెడ్డింగులు సరిగా లేవేమో చూడమంది, తమ ఆఫీసులో అలాగే అంటుంటారట. ఏ వాక్యం శీర్షికో కంప్యూటరుకు తెలిసేలా దానికి ఒక గుర్తు తగిలిస్తారట. అన్నిటికంటే పెద్ద గుర్తు పేరు హెచ్ వన్.

ఆ మాటతో రామ్మోహనరావుకు ప్రాణం లేచొచ్చింది. ఆయన సోషల్ మాస్టారు. సైడ్ హెడ్డింగులు పెట్టి కింద స్కెచ్ పెన్నుతో గీత కొట్టండర్రా, మార్కులు వాటంతటవే పడతాయి అంటూ ఉద్యోగమంతా గడిపినవాడు. స్పాట్ వాల్యుయేషన్‌లో కట్టలకు కట్టలు దిద్దేటప్పుడు ఆయన కళ్లు కూడా గీత మీంచి గీత మీదికే దూకేవి. మధ్యలో ఏం రాశారో రాసిన పిల్లలకే తెలియాలి. లోకంలోని పేజీలన్నీ దిద్దే ఆ యంత్రం కూడా భోజనం చేసి వచ్చి కూర్చున్న తనలాంటి సోషల్ మాస్టారేనని ఆయన అక్కడికక్కడే తేల్చేశాడు.

సాయంత్రానికి పేజీలో ప్రతి వాక్యమూ హెచ్ వన్ అయి కూర్చుంది. "వృత్తం" పెద్దది. "వ్యాసార్థం" పెద్దది. "కింది పటం చూడండి" కూడా పెద్దదే.

ఆదివారం భానుశ్రీ వచ్చి చూసింది. "ఇది పాఠమా నాన్నా, ఎన్నికల గోడా?"

మార్కులు పడతాయి, చూస్తూ ఉండు అన్నాడాయన. పడలేదు.

దాంతో అమీర్‌పేట వెళ్లాడు. సాఫ్టువేరు ఊపు మీదుంది, అక్కడ బోర్డుల వెనక గోడలు కనిపించవు. జావా బోర్డుకూ టెస్టింగ్ బోర్డుకూ మధ్య, వెబ్‌సైట్లను గూగుల్‌లో పైకి తెచ్చే విద్య నేర్పుతామని ఒకటి దొరికింది. మెట్లెక్కి గదిలో అడుగు పెట్టగానే కుర్రాళ్లంతా లేచి గుడ్ మార్నింగ్ చెప్పారు. కూర్చోమని చెయ్యి ఊపి, బోర్డు దాకా నడిచాక గానీ తను వచ్చింది పాఠం వినడానికని ఆయనకు గుర్తు రాలేదు. వెనక్కి వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నాడు. తన క్లాసులో ఆ బెంచీవాళ్లను ఆయన ఏనాడూ నమ్మలేదు.

పాఠం చెప్పే అనుదీప్ టై కట్టుకున్న కుర్రాడు. హెడ్డింగుల మహిమ మీద గంటసేపు దంచాడు. క్లాసయ్యాక రామ్మోహనరావు తన పేజీ చూపిస్తే, నవ్వు ఆపుకోవడానికి కాసేపు టై సర్దుకున్నాడు.

"గిన్ని హెడ్డింగులేంది సార్? అందరు ఒక్కసారే ఒర్రుతే ఎవలది వినాలె?"

"హెడ్డింగే ముఖ్యమని ఇందాకంతా చెప్పింది నువ్వేగా బాబూ?"

"ముఖ్యమే సార్. చదివెటోళ్లకు దారి దొరుకుతది. గూగుల్‌కు సుత జర సమజైతది. గంతే. గా ఒక్కదాంతోని పేజీ పైకి రాదు." అనుదీప్ గొంతు తగ్గించాడు. "గీ మాట క్లాసుల ఒక్క నిమిషంల అయిపోతది. మిగిలిన గంట ఏం చెప్పాలె?"

సాటి మాస్టారి కష్టం రామ్మోహనరావుకు బాగానే అర్థమైంది.

మరి పేజీ ఎందుకు పోయిందంటే, తనకూ పక్కాగా తెలియదన్నాడు అనుదీప్. ఇట్లాంటి పాఠాల పేజీలు ఇప్పుడు చాలా వచ్చాయన్నాడు. అంటూనే పేజీని కిందికి జరుపుకుంటూ పోయి, పిల్లల ప్రశ్నల దగ్గర ఆగాడు. మొదట్లో ప్రతి ప్రశ్న కిందా రత్నమాల జవాబుంది. ఒకచోటి నుంచి అన్నీ ప్రశ్నలే.

"పోరగాళ్లు అడుగుతనే ఉన్నరు సార్. మేడం జవాబిస్తలేదేంది?"

రామ్మోహనరావు తెర వైపే చూస్తూ, "ఆవిడకు వీలు పడటం లేదు" అన్నాడు.

"జవాబులొస్తే పిల్లలొస్తరు. పిల్లలొస్తే గూగుల్ సుత వస్తదేమో. చూడుండ్రి."

పంజాగుట్ట దాకా ఆయన నడిచే వచ్చాడు. ఇన్నాళ్లూ రోజూ పేజీ తెరిచి, పైనున్న పేరు చూసి లేచిపోయాడు. కింద ఏముందో చదవలేదు. దిద్దే అలవాటు రిటైరైనా పోలేదు.

ఇంటికొచ్చి తను పెట్టిన హెడ్డింగులన్నీ తీసేశాడు. రత్నమాల పెట్టింది మాత్రం ఉంచాడు: "రత్నమాల టీచర్ని అడగండి." తర్వాత అలమరలోంచి ఆవిడ లెక్కల పుస్తకం దింపి, చివరి ప్రశ్న చదివాడు. స్పర్శరేఖకూ వ్యాసార్థానికీ మధ్య లంబకోణమే ఎందుకు రావాలి టీచర్, మా సార్ బట్టీ పట్టమన్నారు అని ఒక అమ్మాయి అడిగింది. ఆయన స్టీలు గ్లాసు బోర్లించి వృత్తం గీసుకున్నాడు. దాని అంచుకు తగిలేలా స్కేలు పెట్టి, తగిలినచోటికి మధ్యలోంచి గీత గీశాడు. లంబకోణం వచ్చింది. ఎందుకొచ్చిందో తెలియలేదు.

ఆ పుస్తకంలో వృత్తాల పాఠం ఆయన చదవడం ఇప్పటికి సగం అయింది. ఆ అమ్మాయికి జవాబు ఇంకా రాయలేదు. టీచరు లేదన్న సంగతి కూడా ఆ పేజీలో ఎక్కడా ఇంకా రాయలేదు.