పదకొండో చోటు

ముందుకు వంగి, కంప్యూటర్లోని టైమును తన చేతి గడియారంతో పోల్చి చూశాడాయన. ఏడు నిమిషాలు వెనకబడి ఉంది.

"పాస్‌వర్డు సరిగ్గానే కొడుతున్నా బాబాయ్. నువ్వెవరో నాకు తెలీదు పొమ్మంటోంది," అంది రికార్డుల సీట్లో అమ్మాయి.

"నీ తప్పేం లేదు. దీని టైము తప్పింది. ఐదు నిమిషాలకు మించి తేడా వస్తే సర్వరు ఎవర్నీ నమ్మదు. దానికంటే మనుషులే నయం." టైము సరిచేసి పక్కకు జరిగాడు. "ఇప్పుడు కొట్టు."

తెరుచుకుంది. "నువ్వు లేకపోతే ఏమైపోతామో బాబాయ్!"

ఆయన దవడ బిగుసుకుంది. ఇరవై రెండేళ్లుగా ఈ మాట వింటున్నాడు. నిన్న సాయంత్రం చేతిలో పెట్టిన కాగితంలో మాత్రం ఈ మాట లేదు. సర్వర్ల పని ఇకనుంచి బయటి సంస్థ చూసుకుంటుందని, ఇవాళ సాయంత్రం ఐదు గంటలకు ఆయన లాగిన్ మూసేస్తామని, అంతే ఉంది. ఈ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. ఆయనా చెప్పలేదు.

ఆఫీసంతా ఆయన్ని సర్వర్ బాబాయ్ అంటారు. యాభై ఏడేళ్లు. మెడలో దారానికి వేలాడే కళ్లద్దాలు, చల్లటి గదిలో కూర్చుని కూర్చుని పగిలిన పెదాలు. కింది దవడపళ్లు రెండువైపులా అరిగి చదునైపోయాయి. నిద్రలో పళ్లు కొరుకుతున్నారని డాక్టరు చెప్పకముందే భార్య చెప్పింది. పగలంతా మింగింది రాత్రి నమిలేవాడు.

సర్వర్ల గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. అన్నం తెచ్చుకున్న స్టీలు డబ్బాను బీరువా మీద పెట్టి, కాగితం మీద ఒకటి నుంచి పదకొండు దాకా అంకెలు వేశాడు.

పన్నెండేళ్ల కిందట ఒక సాయంత్రం, అప్పటి మేనేజరు వెనక నిలబడి తొందరపెడుతుంటే, రాత్రిపూట ఫైళ్లకు నకళ్లు తీసే పనికి తన పేరు, తన పాస్‌వర్డు కొట్టేశాడు. ఆ పనికి విడిగా ఒక పేరు పెట్టాలని తెలుసు. రేపు మారుద్దాంలే అనుకున్నాడు. ఆ తర్వాత ప్రింటర్లకు అదే చేశాడు, మెయిలుకూ అదే. చూస్తుండగా పదకొండు చోట్ల యంత్రాలు ఆయన పేరు చెప్పుకునే బతకడం మొదలుపెట్టాయి. మూడు నెలలకోసారి పాస్‌వర్డు గడువు తీరేది. కొత్తది పెట్టిన వెంటనే పదకొండు చోట్లా మార్చాలి. ఒక్కటి మరిచినా అది పాత పాస్‌వర్డుతో తట్టి తట్టి, చివరికి ఆయన్నే బయటకు నెట్టేది.

తండ్రి ఆస్పత్రిలో ఉండగా ఒకసారి గడువొచ్చింది. "అరగంటలో వచ్చేస్తా నాన్నా," అని పన్నెండింటికి వెళ్లాడు. మూడింటికి వచ్చేసరికి మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది.

ఆ రోజునుంచి తన పేరును తెరమీద చూస్తే ఒళ్లు మండుతుంది. అయినా మార్చలేదు. ఎందుకు మార్చలేదో తనకే తెలుసు. తను లేకపోతే ఆగిపోయేది ఒకటుందన్న తృప్తి. ఆ తృప్తి తలుచుకుంటే కోపం రెట్టింపవుతుంది.

పదకొండింటికి కొత్త మేనేజరు తలుపు తోసుకుని వచ్చాడు.

"అన్నిట్లో మీ పేరే ఉందని ఆ కంపెనీవాళ్లు రిపోర్టు పంపారు. ఏంటిది? మమ్మల్ని గుప్పిట్లో పెట్టుకుందామనా?"

"తీసేస్తున్నాను సార్. మూడు రోజులివ్వండి."

"ఐదింటివరకు టైముందిగా?"

అన్నం తినలేదు. ఒక్కోదానికి కొత్త పేరు సృష్టించడం, తన పేరు తీసేయడం, ఆపి మళ్లీ నడిపి చూడటం. ముల్లు తీసినట్టే ఉంది, నొప్పితో సహా. నాలుగింటికి పదీ అయ్యాయి.

పదకొండోది హాలు గాజు తలుపు. బయటికి అదొక్కటే దారి. టీకి ఎవరెంతసేపు పోతున్నారో చూడాలని అప్పట్లో ఎవరో పెద్దాయన రెండువైపులా కార్డు పెట్టించాడు. కార్డు చూపించినప్పుడల్లా ఆ తలుపు ఆయన పేరుతో సర్వర్ని అడుగుతుంది. జవాబు రాకపోతే తెరుచుకోదు. పాస్‌వర్డు మార్చనిస్తుంది గాని పేరు మార్చనివ్వదు. దాన్ని బిగించిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

బయటి సంస్థకు ఫోన్ చేశాడు. "ఒక్క గంట ఆగండి. తలుపు పనిచేయదు."

"ఫిర్యాదు టికెట్ పెట్టండి సార్."

"ఎలా పెట్టాలి?"

"మా దగ్గర మీ లాగిన్‌తో."

"నాకు మీ దగ్గర లాగిన్ లేదయ్యా!"

"దానికీ టికెట్ పెట్టాలి సార్."

మేనేజరు దగ్గరికెళ్లాడు. "ఐదింటికి నా పేరు మూస్తే ఆ తలుపు తెరుచుకోదు. నలభైమంది లోపలుంటారు."

మేనేజరు తలెత్తలేదు. "బెదిరిస్తున్నారా?"

తిరిగి వస్తుంటే ఫోన్ మోగింది. భార్య.

"ఏమండీ, ఎన్నింటికొస్తారు?"

"ఐదుకి బయల్దేరతా."

"ఐదంటే మా ఐదా, మీ ఐదా?"

"మీ ఐదే."

 "డబ్బా మర్చిపోకండి. మొన్నటిదీ అక్కడే పారేశారు," అంది.

ఐదుకు రెండు నిమిషాలుంది. డబ్బా పట్టుకుని హాల్లోకి వచ్చాడు. ఇప్పుడు బయటపడితే చాలు. ఐదింటికి కార్డులు గీకుతారు, తలుపు గుంజుతారు. గాజుకు ముక్కు ఆనించి మేనేజరు అరుస్తాడు. ఆ ముక్కు చదునవడం దాకా ఊహించుకున్నాడు, హాయిగా ఉంది. తర్వాత వాళ్లు ఏమని అరుస్తారో కూడా వినిపించింది. తన పేరే. నాన్న దగ్గర్నుంచి తనను లాక్కొచ్చిన పేరే, ఈ తలుపు మీద ఇంకా అతుక్కుని.

కార్డు చూపించాడు. తలుపు తెరుచుకుంది. గడప దాటి, అది మూసుకోబోతుంటే సందులో డబ్బా పెట్టి, కాలితో గట్టిగా తన్నాడు. సరిపోలేదు. ఇంకోసారి తన్నాడు. డబ్బా సొట్టపడి ఇరుక్కుంది. రికార్డుల అమ్మాయి ఉలిక్కిపడి లేచి నిలబడింది.

"ఏంటండీ ఆ పని? తీయండి!" మేనేజరు పరుగున వచ్చాడు.

"ఐదు దాటాక మీరే తీసి చూడండి," అని మెట్లు దిగిపోయాడు.

మేనేజరు వంగి డబ్బా పట్టుకున్నాడు. అప్పుడే ఐదయింది. తలుపు పక్కన పచ్చదీపం ఆరి, ఎర్రది వెలిగింది. మేనేజరు చెయ్యి అక్కడే ఆగింది. మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

ఒక్కొక్కరే కాలెత్తి దాటుకుంటూ వెళ్లారు. హాలు ఖాళీ అయింది. తలుపు మూసుకోవాలని నెడుతూనే ఉంది. నెట్టినప్పుడల్లా, మూత తీయని ఆ సొట్ట డబ్బాలో చెంచా చిన్నగా చప్పుడవుతోంది.