మూడవవాని ఆకు మీద చేయి

లోన బయట తిరుగు లోకజీవనుఁడవై
యూపిరూపిరందు నుండు దేవ!
మితము నెఱుఁగు బుద్ధి మిగులఁగా నొసఁగుమా
కథను వినెడువారిఁ గావుమయ్య!

నా ఊపిరి నన్ను విడిచి, మా బావమరిది చయనులు కొన్న చిన్న ఎర్రకారులో చేరి నేటికి పదకొండు రోజులు. వాహనపూజ నాడు నేను బానెట్ మీదికి వంగి దీర్ఘమైన శ్లోకమొకటి చదువుతూ ఉండగా చయనులు తాళం తిప్పాడు. ఇంజన్ ఒక్కసారి గాలి పీల్చింది. శ్లోకంతో పాటు ఊపిరి కూడా లోపలికి పోయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు.

మాటలకు ఇబ్బంది లేదు. మాటలకు నోరు చాలు. పద్యానికి ఊపిరి కావాలి. పూజ చివర చదవవలసిన పద్యం చదవలేక మా ఇంట పూజ అక్కడే నిలిచి ఉంది. పదకొండు రోజులుగా ఒకే కర్పూరపు బిళ్ళ పళ్ళెంలో వెలుగుతోంది, తరగడం లేదు. పూజాపీఠం మీద నిలుచున్న స్వామి అప్పుడప్పుడు బరువును ఒక పాదం మీదనుండి మరొక పాదం మీదికి మార్చుకుంటున్నాడు. ఆ చప్పుడు వినలేక ఈ ఉదయం చయనులును వెంటబెట్టుకొని ఆటోనగర్‌లో ఖాసింబీ షెడ్డుకు వస్తున్నాను.

ఖాసింబీకి యాభై ఏళ్ళుంటాయి. కళ్ళజోడు నల్లదారంతో మెడకు కట్టుకొని ఉంటుంది. ఒక కొండదారిని తుంగచాపలా చుట్టి, షెడ్డులో రెండు రోలర్ల మీద అమర్చి ఉంచింది. కారు చక్రాలు ఆ రోలర్ల మీద నిలుస్తాయి. కారు కదలకుండానే కొండ ఎక్కుతుంది.

ఆమె సన్నని రాగి గొట్టం ఒక కొనను ఇంజన్‌కు ఆనించి, రెండవ కొనను చెవిలో పెట్టుకొని వింటుంది.

"ఉందండి పంతులుగారూ. మీ ఊపిరి టర్బోలో, అదే గాలిని లోనికి తోసే చక్రంలో, కూర్చోనుంది. కులాసాగానే ఉంది."

"బయటికి రమ్మని చెప్పమ్మా."

"చెప్తే రాదండి. ఈ బండి తనకి చాలగా మిగిలిందే తిరిగిచ్చుద్ది. ఇప్పుడేమో మిగిలేది లేదు. గాలి కాస్త పెంచితే మిగులుద్ది. మరీ పెంచామనుకోండి, ఇంజన్ పగులుద్ది. దాంతోపాటే మీ ఊపిరీ."

"పగలడమేమిటమ్మా, కొత్తబండి. ధారాళంగా పెట్టు," అంటాడు చయనులు.

"కొత్తదైనా కంపెనీ ఇంజనే గదండి. లోపల ఒక్క బోల్టు కూడా మార్చలా. దానికెంత పడుద్దో అంతే పెట్టాల."

"మా బావ ఊపిరికి అంత గాలి అక్కర్లేదులే. మా చెల్లెలి పెళ్ళిలో మంగళాష్టకాలు సగంలో ఆపి మంచినీళ్ళడిగిన మనిషి."

"ఆ పెళ్ళిలో పురోహితుడు పారిపోతే నన్ను పీటల మీదనుంచి లేపి చదివించారు. పెళ్ళికొడుకుకు దాహం వేయదా?" అంటాను.

ఖాసింబీ నవ్వదు. ముందుగా చక్రాల దగ్గర కూర్చొని బ్రేకులు చూస్తుంది; టైర్లను అరచేతితో తడుముతుంది. గాలి సంగతి ఇంకా ఎత్తదేమని చయనులు అడుగుతాడు. "ఆపగలిగినంతే పరిగెత్తించాలండి," అంటుంది. ఇంత చక్కని నీతివాక్యం నేను చదివిన వేటిలోనూ లేదు.

తరువాత బానెట్ ఎత్తుతుంది. లోపల ఏడు మెట్లున్నాయి. ఆమె వెనుక నేను దిగుతాను. చయనులు మోకాళ్ళ నొప్పి వల్ల పైనే ఉండి ఇంజన్ నడిపిస్తుంటాడు. మేము దిగే ఒక్కొక్క మెట్టుకూ క్రింది వసారా మరికొంత పొడుగవుతుంది.

వసారా గుమ్మంలో అరచేయంత చక్రమొకటి తిరుగుతోంది. లోపలినుండి వెలుపలికి పోయే పొగ దానిని త్రిప్పుతుంది. అదే ఇరుసు మీది జంటచక్రం వెలుపలి గాలిని లోపలికి లాగుతుంది. అరవై ఏళ్ళుగా ప్రాణాయామం చేస్తున్నాను. విడిచిన ఊపిరే కొత్త ఊపిరిని పిలుచుకొని రాగలదని నాకు ఎన్నడూ తోచలేదు. చక్రానికి నమస్కరిస్తాను. దాని అంచున నా ఊపిరి, రంగులరాట్నం ఎక్కిన పసివానిలా తిరుగుతూ, నన్ను చూడనట్లు నటిస్తుంది.

అంత వేగంగా వచ్చిన గాలి వేడెక్కుతుంది. అందుకని దానికి అడ్డంగా తడిపిన వట్టివేళ్ళ తడిక కట్టి ఉంది. దానిని దాటిన గాలి చల్లబడి, సుగంధంతో, వడ్డనకు సిద్ధమవుతుంది.

వసారాలో నలుగురు అన్నదమ్ములు విస్తళ్ళ ముందు వరుసగా కూర్చొని ఉన్నారు. ఇద్దరు లేస్తే ఇద్దరు కూర్చుంటారు; కూర్చున్నవారు లేస్తే లేచినవారు కూర్చుంటారు. వారి లేవడం కూర్చోవడమే కారు నడక. ఖాసింబీ ఒక్కొక్కరినీ నాలుక చూపమంటుంది. నాలుగూ లేత ఇటుకరంగులో ఉన్నాయి.

"ఒంట్లో బాగున్నోళ్ళకే ఎక్కువ పెట్టాల," అని కొంగు బిగిస్తుంది. "గాలి అన్నం అనుకోండి, పెట్రోలు మజ్జిగ. అన్నం పెంచే ముందే మజ్జిగ పెంచాల. పొడిమెతుకు గొంతులో నిప్పయిద్ది."

మొదటి గరిటె వడ్డిస్తుంది. అన్నదమ్ములు చురుకుగా లేచి కూర్చుంటారు. పైన కొండదారి చుట్ట విప్పుకుంటున్న చప్పుడు వినవస్తుంది. నా ముక్కుపుటాలకు నూలుపోగంత ఊపిరి తగులుతుంది.

రెండవ గరిటెకు ఊపిరి కంఠం దాకా వచ్చి నిలుస్తుంది. నాలుకపై పద్యపు మొదటి అక్షరం వెచ్చగా కదులుతుంది.

అప్పుడు పెద్దవాడు విస్తరికి చేయి అడ్డం పెడతాడు. రెండవవాడు పెడతాడు. నాలుగవవాడు రెండు చేతులూ పెడతాడు. మూడవవాడు పెట్టడు. తల వంచుకొని తింటూనే ఉన్నాడు.

"వాడు చాలనలేదుగా," పైనుంచి చయనులు గొంతు. "వాడికి వెయ్యవే అమ్మా ఇంకో గరిటె. కొండమీద పందెం చూసుకుందాం."

నా చేతిలో గరిటె ఉంది. ఎప్పుడు తీసుకున్నానో తెలియదు. మా ఇళ్ళలో వడ్డన అంటే కొసరడమే. అతిథి వద్దన్న తరువాతనే అసలు వడ్డన మొదలవుతుంది. పైగా ఒక్క గరిటె పడితే నా ఊపిరి పూర్తిగా నాది. ఇంట కర్పూరం వెలుగుతోంది. స్వామి నిలుచునే ఉన్నాడు.

ఖాసింబీ నా చేయి పట్టుకోదు. రాగి గొట్టం మాత్రం అందిస్తుంది. "వినండి పంతులుగారూ."

వింటాను. ఇత్తడి గ్లాసుకు గోరు తగిలినట్లు, టక్. మళ్ళీ, టక్.

"ఏమిటమ్మా అది?"

"మొహమాటమండి. నోటితో చెప్పలేనోడు గోటితో చెప్తాడు. ఆ ముగ్గురితో భయం లేదు. వీడే, పెట్టింది కాదనలేక పగిలేదాకా తింటాడు. ప్రతి ఇంజన్‌లోనూ ఇట్టాంటోడు ఒకడుంటాడండి. వాణ్ణి చూసి కొలత పెట్టాల గానీ మిగతావాళ్ళని చూసి కాదు."

ఎన్ని పంక్తులలో ఎందరికి కొసరి వడ్డించానో! వారిలో ఎందరి గోళ్ళు గ్లాసులకు తగిలాయో నేను వినలేదు. గరిటె క్రింద పెడతాను. వంగి, నా కుడి అరచేతిని మూడవవాని విస్తరికి అడ్డంగా పరుస్తాను. అన్నం ఆవిరి చేతిని కాలుస్తుంది. అతడు మొదటిసారి తల ఎత్తి నన్ను చూస్తాడు. టక్ మన్న చప్పుడు ఆగుతుంది.

ఖాసింబీ కళ్ళజోడు తుడుచుకొని, అందరి ఆకులలోనుండి కొంత కొంత వెనుకకు తీస్తుంది.

"ఇది మిగలాల. ఎండలు ముదిరినా, మంచి పెట్రోలు దొరక్కపోయినా, ఈ గరిటే ఈళ్ళని కాపాడుద్ది."

"నేనిక చేయి తీయవచ్చునా?"

"తీస్తే ఎవరో ఒకరు మళ్ళీ పెడతారండి."

ఆమె చెప్పినదే సబబు. చేతిని అక్కడే ఉంచి మెట్లు ఎక్కుతాను. మణికట్టు, చదివి మూసిన పుస్తకపు అంచులా నున్నగా ఉంది.

"బావా, చెయ్యి మరిచిపోయావు," అంటాడు చయనులు.

"మరువలేదు, ఉంచాను."

అతడు ఇంజన్ ఆపబోతే ఖాసింబీ వారిస్తుంది. పరుగెత్తి వచ్చినవాణ్ణి ఒక్కసారిగా కూర్చోబెట్టకూడదట. చక్రం చల్లబడేవరకు ముగ్గురమూ బానెట్ పక్కనే నిలుచుంటాము. 

తిరిగి వచ్చిన ఊపిరి సరిగా నాలుగు పాదాలకు చాలుతుంది. ఇంటికి వచ్చి చదువుతాను. ఆ నాలుగు పాదాలే ఈ కథకు మొదట ఉన్నవి. కర్పూరం తలవంచి ఆరుతుంది. స్వామి పీఠం మీద మెల్లగా కూర్చొని, పాదాలు ఒత్తుకుంటాడు.

ఆనాటినుండి చయనులు ప్రతి ఉదయం నిజమైన కొండ ఎక్కుతున్నాడు. అతడు చాలదనడం లేదు. ఇంటివద్ద నేను ఎడమచేతిని గుండెకెదురుగా నిలుపుతాను. అదే క్షణంలో కొండమలుపు మీద ఎర్రకారు బానెట్ కొద్దిగా లేస్తుంది. లోపలినుండి నా కుడిచేయి బయటకు వచ్చి, పన్నెండు క్రోసుల అవతలి ఎడమచేతితో కలుస్తుంది. మధ్యనున్న ఊళ్ళన్నీ ఆ రెండు అరచేతుల నడుమ వెచ్చగా ఉంటాయి.

ఆశీర్వదించవలసినది కుడిచేయి, అది ఇక్కడ లేదు. కనుక మీ వీథిలో చిన్న ఎర్రకారు పోయినప్పుడు, వట్టివేళ్ళ వాసనగల గాలి మీ నడినెత్తిని తాకితే, అది నాదని ఎరుగండి. ఈ కథ విన్నవారందరి విస్తళ్ళు నిండుగా ఉండుగాక. వారు చాలునన్నప్పుడు వినేవారు ఉందురుగాక. చాలునని చెప్పలేనివారి ఆకు మీద అడిగించుకోకుండానే ఒక చేయి వచ్చి నిలుచుగాక.