సంచి కట్టిన గెల

ఏళ్ల తరబడి ఈ బస్రా ఖర్జూర తోటల చుట్టూ తిరిగి నా ఓపిక అడుగంటింది. నా పని చెప్పుకోవడానికి చిన్నదే. ఒకే ఆడచెట్టు మీద గెలకో మగచెట్టు పుప్పొడి వేయించి, వేరేది తగలకుండా సంచులు కట్టించి, ఏ గెల ముందు పండుతుందో చూడాలి. పోల్చుకోవడానికి ఒక గెలకు ఏ పుప్పొడీ తగలనివ్వకూడదు. ఓ ఏడు వరద ముంచేసింది, మరో ఏడు మిడతలు ఊడ్చుకుపోయాయి. ఈసారీ ఫలితం రాకపోతే వృక్షశాస్త్ర విభాగంలో ఆడవాళ్లకు చోటు లేదని మా పెద్దాయన నవ్వుతూనే చెప్పాడు. ఉన్న ఆడదాన్ని నేనొక్కదాన్నే.

ఆ ఉదయం తోటకి వెళ్తే ఆ చెట్టు మీద ఒక్క సంచీ లేదు. చెట్లెక్కే తోటమాలి అబూ ధియాబ్ తాపీగా టీ తాగుతున్నాడు.

"సంచులేవయ్యా?"

"విప్పేశా డాక్టరమ్మా. అన్నిటికీ పుప్పొడి వేసేశా."

"ఎవరు వెయ్యమన్నారు?"

"ఒకరు చెప్పాలా? పూసిన ఆడచెట్టుకి ముసుగేసి ఎండబెడతామా? మా నాన్న సమాధిలోంచి లేచొచ్చి తంతాడు."

"ఏ పుప్పొడి దేనికేశావు?"

"అన్నీ కలిపేశా. దేనికీ అన్యాయం జరగకూడదు కదా."

కాలవ గట్టు మీద కూలబడ్డాను.

"ఏడుస్తున్నావా అమ్మా?"

"లేదు. ఉద్యోగం పోతోంది."

ఎందుకో చెప్పాను. అతను గ్లాసు కింద పెట్టాడు.

"మా ఇంటి వెనక బర్హీ రకం ఖర్జూరం ఆడచెట్టు ఉంది. ఆలస్యంగా పూస్తుంది. పోయిన మా ఆవిడ నాటింది," అన్నాడు. "కావాలంటే తీసుకో."

పూలు విచ్చిన రోజు అబూ ధియాబ్ నడుముకి తాడు బిగించి ఎక్కాడు. చెప్పింది చెప్పినట్టు గెలకో పుప్పొడి వేసి సంచులు కట్టాడు. పుప్పొడి వెయ్యకుండా సంచి కట్టాల్సిన చివరి గెల దగ్గర ఆగిపోయాడు. ఇక్కడ ఖర్జూరం చెట్టుని మేనత్త అంటారు.

"మేనత్తా, కోపం తెచ్చుకోకే," అంటున్నాడు పైన.

కాసేపటికి సంచి చేత్తో పట్టుకునే దిగొచ్చాడు.

"నావల్ల కాదమ్మా. కావాలంటే నువ్వే కట్టుకో."

ఇన్నేళ్లూ కింద నిలబడి చెప్పడమే గానీ, నేను ఏ చెట్టూ ఎక్కలేదు. మోకాళ్ల నొప్పులు, ఒళ్లు బరువు. అతను తాడు నా నడుముకి బిగించాడు. ఎలా ఎక్కానో నాకే తెలియదు. విచ్చిన పూలు తెల్లగా, ముఖానికి తగిలేంత దగ్గరగా ఉన్నాయి. సంచి తొడిగాను గానీ, ముడి వెయ్యడానికి చేతులు రాలేదు. కింద అబూ ధియాబ్ తల వంచుకుని నిలబడ్డాడు.

ముడి వేశాను. దిగాక అతని ముఖంలోకి చూడలేకపోయాను.